పుష్యమాసపు గొర్రెపిల్లలు

వరికోతలు ముగిసి, పనలు కళ్లములకు చేరి, మడులలో మోళ్లు మాత్రమే మిగిలియుండు మార్గశిర పుష్యమాసములలో, బరంపురమునుండి దక్షిణమున చికిటి, పాత్రపురముల దిక్కునకును, పడమట దిగపహండి దిక్కునకును పోవువారికి, తెల్లవారుజామున మంచు విడువకముందే పొలముల నడుమ గొర్రెల మందలు విడిసియుండుట కానవచ్చును. రైతు ఎరువు కొఱకు తన మడిలో మందను కట్టించుకొనును. కాపరికి అందులకు ధాన్యమో రొక్కమో ముట్టును. గొర్రెలకు మోళ్ల సందుల మొలచిన పచ్చిక దొరకును. ఈ మందలను కాచువారిలో తెలుగు మాటలాడు గొల్లలు పెక్కుమంది. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడువఱకు ఈ గంజాం సీమ చెన్నపురి రాజధానిలోనిదై యుండెను. రాష్ట్రములు వేఱైనను, ఇచ్ఛాపురమునకు ఆవలను ఈవలను, గొర్రెను గూర్చియు, ఈతను గూర్చియు, మందకు వచ్చు తెగుళ్లను గూర్చియు కాపరులు తెలుగులోనే మాటలాడుకొందురు.

వారి మందలలోని గొర్రెను పశుశాస్త్రజ్ఞులు గంజాం జాతి యని ప్రత్యేకముగా లెక్కించిరి. మధ్యమ ప్రమాణమైన దేహము, గోధుమవన్నె మొదలు ముదురు ఎఱుపు వఱకు గల మేను, వ్రేలాడు చెవులు, ఇంచుక వంపుదేఱిన ముక్కుదూలము, సన్నని తోక. పొట్టేళ్లకు కొమ్ములుండును, ఆడగొర్రెలకుండవు. దాని ఒంటిమీదిది ఒత్తైన ఉన్ని కాదు, పొట్టి వెండ్రుక. దానిని కత్తిరించు వాడుక లేదు. ప్రధానముగా మాంసము కొఱకు పెంచబడు ఈ జంతువు సాధారణముగా ఈతకొక్క పిల్లనే కనును. ఆ పిల్ల రెండు కిలోలకు ఇంచుమించుగా తూగును. తొలకరి వానలకు పచ్చిక మొలచి, ఒళ్లు నిండి, ఆషాఢ శ్రావణములలో చూలు కట్టిన గొర్రెలు, 147 మొదలు 150 దినములు గర్భము మోసి, సరిగా చలి ముదిరిన వేళకు ఈన మొదలుపెట్టును.

గంజాం చలిని ఉత్తరదేశీయులు చలియని యొప్పుకొనరు. ఇచట మంచుగడ్డలు కురియవు, చెఱువు నీరు పేరదు. కంధమాల్ కొండలమీది దారింగిబాడి వంటి ఎత్తైన తావులను మినహాయించినచో, తీరమున పుష్యమాసపు తెల్లవారుజాము 15 డిగ్రీల సెంటీగ్రేడునకు అటునిటుగా నుండును. గొంగడి కప్పుకొన్న కాపరిని అది బాధింపదు; కడుపునిండ మేసిన పెద్ద గొర్రెకు అసలే పట్టదు. అట్టి చలిలో సైతము, రాత్రి పుట్టిన పిల్ల తెల్లవాఱునప్పటికి కాళ్లు చాచి బిగిసియుండుటను కాపరులెల్లరు నెఱుగుదురు. దిష్టియనియు, గాలి సోకుడనియు కొందఱు దానికి పేరు పెట్టుదురు. ఆ మరణమునకు కారణము నిజముగా చలియే. కాని గాలిలోని చలికంటె, పిల్ల ఒంటిమీది తడియు, దాని కడుపులోని శూన్యమును అందుల కెక్కువ కారకములు. ఈ రెంటిని వేళకు మాన్పగలిగిన చేయి మందకు దాపున నున్నచో, అట్లు పోవు పిల్లలలో చాల భాగము దక్కును. అయితే ఆ చేయి చేయవలసిన పనులకొక వరుస కలదు. ఆ వరుస తప్పినచో దయతో చేసిన పనియే ప్రాణము తీయును. ఈ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచినది ఆ వరుసను గూర్చియే.

తల్లి గర్భములో పిల్ల 39 డిగ్రీలకు మించిన వేడిమిలో పెరుగును. బయటపడిన నిమిషమున అది 15 డిగ్రీల గాలిలో, ఉమ్మనీటితో నిలువెల్ల తడిసి, మంచుపట్టిన నేలపై పడును. తడిసిన మట్టికుండ మీదినుండి నీరావిరి యగుచు లోని నీటిని చల్లబఱచునట్లే, పిల్ల మేనిమీది తడి ఆవిరి యగుచు దాని నెత్తుటిని చల్లార్చును. చర్మముమీది నీరొక గ్రాము ఆవిరి యగుటకు సుమారు 580 కెలోరీల వేడి కావలయును. లెక్క వేసి చూతము. రెండు కిలోల పిల్ల ఒంటినుండి 30 గ్రాముల నీరు మాత్రమే ఆవిరియైన దనుకొందము. అందులకు వలసిన వేడి, 17 కిలోకెలోరీలకు పైబడినది, అంతయు దేహమునుండియే పోయి, లోపల క్రొత్త వేడి పుట్టనియెడల, ఆ చిన్న శరీరము పది డిగ్రీల మేర చల్లారును. నిజమునకు కొంత వేడి గాలినుండియు వచ్చును, లోపల వేడి పుట్టుచునే యుండును గనుక, అంతటి పతనము వెంటనే కలుగదు. అయినను పిల్ల యెదుర్కొనవలసిన విపత్తెంతటిదో ఈ లెక్క వలన తెలియగలదు.

దీనికి తోడు, దేహమెంత చిన్నదైన, బరువుతో పోల్చినపుడు దాని ఉపరితలమంత యెక్కువ. నాలుగైదు కిలోలు తూగుచు, ఒత్తైన ఉన్నితో పుట్టు శీతదేశపు పిల్లకంటె, పొట్టి వెండ్రుకల గంజాం పిల్ల తన వేడిని త్వరగా పోగొట్టుకొనును. పూర్తిగా ఆరిన పసిపిల్లకు సైతము, చుట్టునున్న గాలి ఇంచుమించు 30 డిగ్రీలకు దిగువకు పోయినంతనే, అదనపు వేడిని పుట్టించుకొనవలసిన అక్కఱ కలుగునని శరీరశాస్త్రజ్ఞుల కొలతలు చెప్పుచున్నవి. కావున మనకు హాయి గొల్పు 15 డిగ్రీల వేకువ ఆ పిల్ల పాలిటికి దారుణమైన శీతమే. ఉత్తరపు గాలి వీచినను, అకాలపు చినుకులు పడినను ఇక చెప్పనక్కఱలేదు.

అందుచేతనే తల్లి నాలుక ఆ మొదటి గడియలో చేయు పని వెలలేనిది. నాకుట వలన తడి పోవును, నెత్తురాడును, ఊపిరి నిలకడ చెందును. తొలిచూలు గొర్రె భయపడి తొలగిపోయినపుడును, కవలలలో రెండవదానిపై తల్లి దృష్టి పడనపుడును, ప్రసవవేదనచే తల్లి సొమ్మసిల్లినపుడును, ఆ పనిని మనుష్యుడు చేయవలయును. మొదట నోటిలోను ముక్కులలోను నిండిన జిగురును వ్రేలితో తీసివేయుట. ఊపిరి తీయకున్నచో ముక్కురంధ్రమున గడ్డిపరకతో కదలించి తుమ్మించుట. పిదప పొడి గోనెపట్టాతోనో, పాత కండువాతోనో, చేతికందిన ఎండుగడ్డితోనో, ప్రక్కటెముకలపై గట్టిగా రుద్దుచు తుడుచుట. తుడిచిన పిల్లను మరల తల్లి ముక్కునొద్ద నుంచుట మఱువరాదు. ఏలయో ముందు చెప్పెదను.

ఇక పిల్ల నిరాయుధముగా పుట్టదు. దాని మూత్రపిండముల చుట్టును, ఇంకను కొన్ని తావులను, గోధుమవన్నె గల యొక విశేషమైన కొవ్వు కూడియుండును. స్విట్జర్లాండు పండితుడగు కొన్రాడ్ గెస్నర్ 1551వ సంవత్సరముననే, మార్మొట్ అను కొండజంతువు భుజముల నడుమ ఇట్టి పదార్థమును చూచి, అది కొవ్వునకును మాంసమునకును మధ్యస్థముగా నున్నదని వర్ణించెను. కాని అది దేహమునకు కొలిమి వంటిదని తెలియుటకు నాలుగు వందల యేండ్లు పట్టినది. సామాన్యమైన కణము ఆహారమును దహించినపుడు, వచ్చిన శక్తిలో ఒక భాగమును పనికి వచ్చు రసాయనముగా దాచుకొనును. గోధుమకొవ్వు కణములోని మైటోకాండ్రియాలయందు గల యొక మాంసకృత్తు ఆ దాచుకొనుటను అడ్డగించి, శక్తినంతను ఉన్నదున్నట్లు వేడిగా విడుదల చేయించును. పిల్ల బరువులో నూటికి రెండు వంతులకు మించని ఈ కొవ్వు, చలిలో అది పుట్టించుకొను వేడిలో ఇంచుమించు సగమును సమకూర్చును. తక్కిన సగము కండరముల వణకుడు వలన వచ్చును. ఆస్ట్రేలియాలో గార్డన్ అలెగ్జాండర్ 1950, 1960 దశకములలో జరిపిన పరిశోధనల వలన, అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల చలిలో తన ఉష్ణోత్పత్తిని నాలుగైదు రెట్లకు పెంచుకొనగలదని తేలినది. ఇది ప్రకృతి చేసిన అద్భుతమైన ఏర్పాటు. కాని రెండు కిలోల పిల్లకు ఆ కొవ్వు 40 గ్రాములకు మించదు. కాలేయమునందు నిలువయున్న చక్కెరయు స్వల్పమే. పాలు లోపలికి పోనియెడల, తడిలో గాలిలో నున్న పిల్లకు ఆ నిలువ కొన్ని గంటలలోనే తరిగిపోవును.

ఇచట నేను దిగపహండి దారిలో నొక మందయొద్ద చూచిన దానిని చెప్పవలసియున్నది. మంద కాయు వృద్ధురాలు, వంగిన వీపుతో, ముడుచుకొని నిలిచిన యొక పిల్లను ఒడిలోనికి తీసికొని, చిటికెనవ్రేలు దాని నోట నుంచి, కొంతసేపు కన్నులు మూసికొని చూచి, "ముందుగాల నోట్లో ఏలెట్టి సూడాల బాబూ! నోరు ఎచ్చగుంటే తల్లికాడికి తోలీడమే. సల్లగుంటే ఒగ్గీకూడదు" అనెను. శాస్త్రజ్ఞులు ఉష్ణమాపకముతో చూచు దానినే ఆమె వ్రేలితో చూచినది; పిల్ల వ్రేలిని చప్పరించుచున్నదా లేదా యనుటను గూడ ఆ పరీక్షలోనే గ్రహించినది. ఆమె పెనిమిటి ప్రక్కన కూర్చుండి, నాతో వేఱొక సంగతి నెత్తుకొనెను. "మొన్న పొద్దుటేల ఒక పిల్ల కట్టెలాగ సల్లబడిపోనాది బాబూ. మంటకాడ పెట్టినాం. ఎచ్చబడినాది, కళ్లు తెరిసినాది. అంతే, కాళ్లు కొట్టుకొని సచ్చిపోనాది. ఎచ్చబడ్డాక సావడమేటి బాబూ?"

ఆయన ప్రశ్న స్కాట్లండులోని పరిశోధకులను గూడ చిరకాలము తికమక పెట్టినదే. ఎడింబరో నగరమున, 1920లో గొర్రెల రైతులు పశువ్యాధుల పరిశోధనకై నెలకొల్పిన సంఘమునుండి పెరిగిన మోర్డన్ సంస్థలో, ఫ్రాంక్ ఈల్స్ అను పశువైద్యుడును ఆయన సహచరులును 1980 ప్రాంతమున దీనికి స్పష్టమైన సమాధానము కనుగొనిరి. పుట్టిన అయిదు గంటలలోపల చల్లబడిన పిల్ల తడి వలన చల్లబడినది. దాని కొవ్వును చక్కెరయు ఇంకను నిలువయున్నవి. దానిని ఆర్చి వెచ్చబఱచినచో అది తేఱుకొనును. అయిదు గంటలు దాటిన పిదప చల్లబడిన పిల్ల సంగతి వేఱు. అది ఆకలి వలన చల్లబడినది. ఇంధనమంతయు అయిపోయి, నెత్తుటిలో చక్కెర అడుగంటినది. దేహము చల్లగా నున్నంతసేపు మెదడు మందకొడిగా పనిచేయుచు, ఆ కొలది చక్కెరతోనే కాలము వెళ్లబుచ్చును. మంటప్రక్కన నుంచి వెచ్చబఱచినంతనే మెదడును, గుండెయును, కండరములును మేల్కాంచి ఒక్కసారి చక్కెర కోరును, అది లేదు, ఈడ్పులు వచ్చును, పిల్ల చనిపోవును. గొల్లతాత మంటలో దోషము లేదు, ఆయన దయలో దోషము లేదు. మంటకు ముందు చక్కెర చేరవలసియుండెను.

కావున చల్లబడిన పిల్లను చూచినపుడు రెండు ప్రశ్నలు వేసికొనవలయును: దాని వేడి యెంత? వయస్సెంత? పది పదునైదు దినములలో ఈతలు మొదలగునని తెలిసిన కాపరి, మందుల దుకాణమున దొరకు సామాన్యమైన జ్వరమాపకము నొకదానిని కొని యుంచుకొనుట మేలు. దాని మొనను మలద్వారమున నుంచి చూచినపుడు 39, 40 డిగ్రీలున్నచో పిల్ల కులాసాగా నున్నది. 37 మొదలు 39 వఱకున్నచో, తల యెత్తగలిగియున్నంతవఱకు, వయస్సెంతైనను, పొడిగా తుడిచి, పాలు పట్టి, గాలి తగులని చోట నుంచి, అరగంట కొకసారి చూచుచుండవలయును. 37కు దిగువనున్నది, పుట్టి అయిదు గంటలు కానిదైనచో, తుడిచి, వెచ్చబఱచి, వేడి 37 దాటిన పిదపనే పాలు పట్టవలయును. చల్లబడిన పొట్ట పాలను అరిగించుకొనజాలదు. 37కు దిగువనుండి, అయిదు గంటలు దాటిన పిల్లకు మాత్రము, వెచ్చబఱచుటకు ముందుగా, నూటికి ఇరువది పాళ్ల గ్లూకోజు ద్రావణమును, నెత్తుటివేడికి తెచ్చి, కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున, అనగా మన పిల్లకు 20 మిల్లీలీటర్లు, బొడ్డునకు దిగువ కడుపు లోపలికి సూదిమందుగా ఎక్కించవలయును. ఇది పశువైద్యుడు చేయవలసిన పని. లేదా వైద్యుడు దగ్గఱ నిలిచి నేర్పిన పిదప చేయవలసిన పని. సూది తప్పు దిక్కునకు పోయినచో లోని అవయవములకు దెబ్బ తగులును. తెలివి తప్పిన పిల్ల నోట బెల్లపు నీరు పోయుట మాత్రమెన్నడును తగదు. మ్రింగుటకు శక్తి లేనిదాని నోట పోసిన దేదైనను ఊపిరితిత్తులలోనికే దారితీయును.

వెచ్చబఱచు తీరును గూర్చియు నొక మాట. శీతదేశములలో 40 డిగ్రీల వెచ్చని గాలి పెట్టెలు వాడుదురు. మందయొద్ద అట్టివి దొరకవు గనుక, వెదురుగంపలో ఎండుగడ్డి పఱచి, కాగిన నీరు నింపిన సీసాలను గుడ్డలో చుట్టి పిల్లకు రెండు ప్రక్కల నుంచి, పైన గోనెపట్టా కప్పినచో చాలును. విద్యుత్తున్న ఊళ్లలో అట్టపెట్టెకు పైగా 100 వాట్ల పాతకాలపు బల్బును మూరెడెత్తున వ్రేలాడదీయవచ్చును. పిల్ల ఒళ్లు కాలునంతగా వేడి చేయుట చలికంటె తీసిపోని హాని. మూసిన పాకలో బొగ్గుల కుంపటి పెట్టుట పిల్లకును మనుష్యులకును గూడ ప్రమాదకరము. దాని విషవాయువు కంటికి కనబడదు, వాసనకు తెలియదు.

ఇక పాలను గూర్చి. గొర్రెపిల్ల పాలిటికి ముర్రుపాలు ఆహారము మాత్రమే కావు. మనుష్యశిశువునకు తల్లి నెత్తుటిలోని రోగనిరోధక పదార్థములు మావి ద్వారమున గర్భమునందే చేరును. గొర్రె మావియందు తల్లి నెత్తుటికిని పిల్ల నెత్తుటికిని నడుమ పొరలెక్కువ. ఆ పెద్ద అణువులు వానిని దాటి రాజాలవు. కావున గొర్రెపిల్ల, దూడవలెనే, ఏ రక్షణయు లేక పుట్టి, తన రక్షణను ముర్రుపాలనుండియే త్రాగి తెచ్చుకొనవలయును. అమెరికాలోని ప్రిన్స్‌టన్ నందు థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అను పరిశోధకులు 1922లో, ముర్రుపాలు త్రాగనీయని దూడలలో చాల భాగము కొలది దినములలోనే సామాన్యమైన ప్రేగుల క్రిములకు బలియగుటను చూపి, ఈ పాల మహిమను శాస్త్రలోకమునకు నిస్సందేహముగా తెలిపిరి. పిల్ల ప్రేగు ఆ రక్షక పదార్థములను ఉన్నవున్నట్లు నెత్తుటిలోనికి చేరనిచ్చునది తొలి దినమున మాత్రమే; అందును మొదటి ఆఱు గంటలు శ్రేష్ఠము; ఇరువదినాలుగు గంటలు గడచునప్పటికి ఆ ద్వారము మూసికొనును. రేపు పట్టుదమనుకొన్న ముర్రుపాలు ఆకలి తీర్చును గాని రోగమునుండి కాపాడవు.

కొలత చెప్పవలసినచో, పుట్టిన గంట రెండు గంటలలోపల కిలోకు 50 మిల్లీలీటర్లు, తొలి దినమంతటికి కిలోకు సుమారు 200 మిల్లీలీటర్లు. అనగా రెండు కిలోల పిల్లకు మొదట ఒక టీ గ్లాసుడు, దినమంతటికి నాలుగు గ్లాసులు. తల్లి చనిపోయినను, దాని పొదుగు గట్టిపడి పాలు రాకున్నను, అదే రాత్రి ఈనిన వేఱొక గొర్రె పాలు మొదటి మేలు. మందలలో గొర్రెలతో పాటు మేకలను గూడ పెంచుదురు గనుక మేక ముర్రుపాలు తఱచుగా దొరకును, అవియు మంచివే. ఊరిలో ఆవు ఈనినచో, ముర్రుపాలు జున్నుకు పోకముందే ఒకటి రెండు గ్లాసులు అడిగి తెచ్చుకొనవచ్చును. ఆవు ముర్రుపాలు త్రాగిన గొర్రెపిల్లలకు అరుదుగా కొన్ని వారముల పిదప పాండురోగము కలుగుట కద్దు గాని, ఏమియు పట్టకుండుటకంటె అది వేయిరెట్లు నయము. ఫ్రిజ్జులో గడ్డకట్టించి దాచిన ముర్రుపాలను కరిగించునపుడు మరుగు నీటిలో నుంచరాదు. చేయి పెట్టనోపునంత వేడినీటిలోనే కరిగించవలయును. మరిగిన ముర్రుపాలలో రక్షక పదార్థములు నశించును.

చప్పరించు శక్తి గల పిల్లకు సీసాతో పట్టవచ్చును. నిలువబెట్టి, మెడ ముందుకు చాచి, తల్లి పొదుగుక్రింద నిలిచిన తీరుననే పట్టుట యవసరము. నెమరువేయు జంతువునకు పొట్టలు నాలుగు. పసితనమున పాలు మొదటి పొట్టను తప్పించుకొని నాలుగవదానిలోనికి పోవలయును. పిల్ల చప్పరించినపుడు అన్ననాళము చివర నున్న గాడి యొకటి ముడుచుకొని గొట్టమై, పాలను నేరుగా అచటికి చేర్చును. పిల్లను వెలికిల వేసికొని, నోరు తెఱచి, గిన్నెతో పోసినచో ఆ గాడి ముడుచుకొనదు. పాలు మొదటి పొట్టలో పడి పులిసి, కడుపుబ్బరము కలిగించును. కొంత ఊపిరితిత్తులలోనికిని పోవచ్చును. ముద్దుతో చేయు ఈ పొరపాటు వలన పోయిన పిల్లలెన్నియో.

చప్పరింపజాలని పిల్లకు, తెలివియున్న యెడల, గొట్టముతో పాలు పట్టవచ్చును. మందుల దుకాణములలో పసిబిడ్డలకు వాడు మెత్తని రబ్బరు గొట్టమును, 50 మిల్లీలీటర్ల సిరంజిని తెచ్చుకొని, గొట్టమును ముక్కుకొన మొదలు చివరి ప్రక్కటెముక వఱకు కొలిచి గుర్తు పెట్టుకొని, వెచ్చని నీట ముంచి, నోటి ప్రక్కగా, పిల్ల మ్రింగుచుండగా మెల్లగా గుర్తు వఱకు పంపవలయును. దగ్గుచో, గింజుకొనుచో, గొట్టము శ్వాసనాళములోనికి పోయినదని తెలిసి వెంటనే బయటకు తీయవలయును. సిరంజిని పైకెత్తి, పాలు తమంత తాము దిగనిచ్చుటయే పద్ధతి, నొక్కి త్రోయరాదు. ఒకసారి అనుభవజ్ఞుని చేత చూచి నేర్చుకొన్నచో కష్టమైన పని కాదు. భంజనగర్, గొలంతరాలయందున్న కృషి విజ్ఞాన కేంద్రముల వంటి చోట్ల ఈ శిక్షణకు మొదటి స్థానమీయవలయునని నా గట్టి నమ్మకము. జాతిమెఱుగుదలను గూర్చిన పది ఉపన్యాసములకంటె, చేతితో చేసి చూపిన ఈ యొక్క పని గొల్లవాడకు వెంటనే ఫలితమిచ్చును. బొడ్డుపేగును టింక్చర్ అయొడిన్‌లో ముంచుటయు ఈ వేళకే జరుగవలయును. అశ్రద్ధ చేసినచో క్రిములు బొడ్డు దారిన లోనికి చేరి, వారము పదిదినములలో మోకాళ్లు వాచును.

పిల్ల ప్రాణము నిలిచిన పిదప దానికొక తల్లి కావలయును. గొర్రె తన పిల్లను కంటితో కంటె ముక్కుతో ముందుగా గుర్తించును. ఈనిన మొదటి గంట రెండు గంటలలోపల ఆ పిల్ల ఒంటివాసన తల్లి మెదడున ముద్రితమగును. ఆ పిదప వేఱు వాసన గల పిల్ల పొదుగు దరికి వచ్చినచో తలతో కుమ్మి త్రోసివేయును. ఆ ముద్ర పడుటకు కారణమును ఇంగ్లాండులో కేంబ్రిడ్జి పరిశోధకులును, ఫ్రాన్సు పరిశోధకులును 1980 దశకమున బయటపెట్టిరి. ప్రసవమార్గము సాగినపుడు తల్లి మెదడులో ఆక్సిటోసిన్ అను రసము విడుదలయగును. పాలు చేపించునదియు, పిల్లను దగ్గఱకు తీయించునదియు ఆ రసమే. బేరీ కెవెర్న్, ఫ్రెడెరిక్ లెవీ మొదలగువారు 1983లో, ప్రసవమార్గమును కొన్ని నిమిషములు కృత్రిమముగా కదలించినంతనే, పరాయి పిల్లను త్రోసివేయుచున్న గొర్రె దానిని నాకి చేరదీయుటను చూపిరి. 1987లో కీత్ కెండ్రిక్ బృందము, మెదడునకే నేరుగా ఆక్సిటోసిన్ అందించి, ఆ మాతృభావమును మేల్కొల్పినది.

ఈ రహస్యము ప్రయోగశాలకు పూర్వమే కాపరుల చేతికి తెలియును. పిల్ల చనిపోయిన గొర్రెకు, తల్లి లేని పిల్లను అంటగట్టవలసివచ్చినపుడు, చనిపోయిన పిల్ల చర్మమును తీసి, అంగీవలె అనాథపిల్లకు తొడిగి, రెండు మూడు దినములుంచుట లోకమున పలుతావుల గల పద్ధతి. వాసన పాతదే యగుటచే తల్లి మోసపోయి పాలిచ్చును. అంతకంటె సులువైనది, గొర్రె ఈనుచున్న వేళకే అనాథపిల్లను ప్రక్కనుంచి, దాని ఒంటికి ఉమ్మనీటిని, మావినీటిని పూసి, తల్లి ముక్కుక్రింద పెట్టుట. ఆ గంటలో ఆక్సిటోసిన్ పొంగియుండును గనుక రెండు పిల్లలును తనవేయని తల్లి స్వీకరించును. నేను ముందు, తుడిచిన పిల్లను తల్లి ముక్కునొద్ద నుంచవలయునని చెప్పినదియు అందులకే. వాసన పోవునంతగా కడిగి, దూరముగా మంటప్రక్కన గంటలకొలది ఉంచిన పిల్లను, సొంత తల్లియే పరాయిదని తలచి త్రోసివేయుట కలదు. వెచ్చబఱచు గంపను తల్లికి కనబడునట్లు, వాసన తగులునట్లు పెట్టుట మేలు.

ఈతకు ముందు తల్లికి చేయవలసినదియు కలదు. పిల్ల బరువులో నూటికి డెబ్బది వంతులు గర్భముయొక్క కడపటి ఆఱు వారములలో పెరుగును. గంజాం తీరమున ఈ ఆఱు వారములు చాల మందలకు తుఫానుల ఋతువునకు వెంటనే వచ్చును. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురమునొద్ద తీరము దాటినప్పుడును, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపున దాటినప్పుడును, నేలకొఱిగిన పైరు కంటికి కనబడినది. మేత కొఱతచే చూడి గొర్రెల గర్భమున చిక్కిపోవు పిల్లలు కంటికి కనబడవు. అట్టి సంవత్సరములలో తుఫాను సహాయమున దాణా కూడ నుండుట, రెండు మాసముల పిదప పుట్టబోవు పిల్లకు ఇచ్చు వెచ్చదనమే. మామూలు సంవత్సరమున ఉడికిన ఉలవలు గుప్పెడు, వేరుశనగ కట్టె, సుబాబుల్ రొట్ట చాలును. ఈతకు నెల ముందుగా తల్లికి చిటుకు రోగపు టీకా వేయించినచో, ఆ రక్షణ ముర్రుపాల ద్వారమున పిల్లకు చేరును. పిల్లకు వేసిన టీకా తొలి వారములలో అంత ఫలమీయదు. ఒడిశా తీరపు కేంద్రపడ గొర్రె విషయమున ఈ జాగ్రత్త రెట్టింపు కావలయును. ఒకే ఈతలో కవలలను కనిపించు జన్యువు దానిలో కలదు. వంగదేశపు గారోల్ గొర్రెకు గల ఆ జన్యువే, 1790 దశకమున కలకత్తానుండి ఓడలో పోయిన గొర్రెల ద్వారమున ఆస్ట్రేలియా మెరీనోలకు సంక్రమించినది. పిల్లల సంఖ్య పెరిగినకొలది ఒక్కొక్కదాని బరువు తగ్గును, బరువు తగ్గినకొలది చలికి లోనగుట పెరుగును. జంట పిల్లల గొర్రెలను మెచ్చుకొని తెచ్చుకొనువారు దీనిని మఱువరాదు.

తల్లి దొరకని పిల్లను చేతితో పెంచవలసినదే. గొర్రె పాలలో వెన్న నూటికి ఏడు పాళ్లు, ఆవు పాలలో నాలుగు లోపు. గేదె పాలు గొర్రె పాలకు చేరువైనవి. గంజాం పల్లెలలో మేకపాలు సులభముగా దొరకును, వానితో పిల్లలు చక్కగా పెరుగును. దినమునకు పిల్ల బరువులో అయిదవ వంతు పాలను, 38 డిగ్రీల వెచ్చదనమున, తొలి వారము అయిదాఱు సారులుగా, అటుపై నాలుగు సారులుగా పట్టవలయును. నీళ్లు కలిపి పెంచరాదు. సీసాను, రబ్బరు మొనను ప్రతిసారి మరుగు నీట కడుగవలయును. ఒక్కసారిగా ఎక్కువ త్రాగనిచ్చుట ఆకలికంటె హెచ్చు ప్రమాదము. రెండవ వారమునుండి లేత రొట్టను, చిటికెడు తవుడును ముందుంచినచో, కొఱికి చూచుచు నెమరు నేర్చును. మొదటి పొట్ట పెరుగుటకు మేతయే కారణము గాని పాలు కావు. రెండు మాసములు దాటిన పిదప, మేత బాగుగా తినుచున్న పిల్లకు పాలను క్రమక్రమముగా మాన్పవచ్చును.

చేతిపాలు త్రాగిన పిల్లలను ఇంటి పిల్లలు మచ్చిక చేసికొని, వెంట త్రిప్పుకొని, నుదుటిపై చేయిపెట్టి త్రోయుచు ఆడుకొందురు. ఆడగొర్రెపిల్లకు దానివలన హాని లేదు. పొట్టేలుపిల్లకు మాత్రము ఆ ఆట తగదు. మనుష్యుని వెఱువక పెరిగిన పొట్టేలు, కొమ్ములు వచ్చిన పిదప, తనకు పాలు పట్టిన చేతినే కుమ్ముటకు వెనుదీయదు. అందుచేత మూడవ వారము దాటిన వెంటనే, పాలు పట్టు వేళకు తప్ప, దానిని మందలోని తక్కిన పిల్లల దొడ్డిలోనికే తోలివేయుట మంచిది.